నాగేశం సేటుకు ఒక్క గడి ఆగింది

నాగేశం సేటుకు పదాల గళ్ల పిచ్చి. పిచ్చి ఉండటం వింత కాదు. ఆ రోజుల్లో సిద్దిపేటలో ఒకరికి పావురాల పిచ్చి, ఇంకొకరికి కుస్తీల పిచ్చి, మా కచేరీ పెద్దకు అత్తరు పిచ్చి. వింత ఏమిటంటే, అంత పిచ్చి ఉండి కూడా ఆయన ఒక్క గడిని సొంతంగా నింపిన పాపాన పోలేదు. చంకలో పలక, చెవి మీద బలపం పెట్టుకుని పోయి, ఎవరిదో తలుపు కొట్టి, "ఒక్కటే గడి ఆగింది, జర చెప్పుండ్రి" అనవలసిందే. అది చెప్పి పంపిస్తే మర్నాడు అదే వేళకు ఇంకో గడి ఆగేది.

ఆయన వీధి మలుపు తిరిగాడని తెలియగానే బజారంతా పనిమంతులయ్యేవారు. కంసాలి ఆరిపోయిన కుంపటిని ఊదేవాడు. మంగలి అప్పుడే గీసిన గడ్డాన్ని మళ్లీ తడిపేవాడు. బెల్లం దుకాణం బుచ్చయ్య, ఎన్నడూ ఈగను తోలిన మనిషి కాదు, విసనకర్ర తీసుకుని యుద్ధానికి దిగేవాడు.

"ఓ సేటూ, ఇయ్యాల జర పనున్నది. రేపు చూద్దాం."

సేటు ఇంకా ఏమీ అడగకముందే జవాబు. నిజానికి వాళ్లది అనవసరపు భయం. ఆయన బజారు వైపు చూసేవాడే కాదు. తల వంచుకుని దుకాణాలన్నీ దాటి గల్లీల్లోకి పోయేవాడు. ఆ సంగతి నేను చాలాకాలం గమనించలేదు. గమనించనివి ఇంకా ఉన్నాయి, వస్తాయి.

నేను వరంగల్ నుంచి బదిలీ మీద వచ్చి తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాను. యుద్ధం నడుస్తున్న కాలం. కిరోసిన్‌కు కరువు, నూలుకు కరువు, కాగితానికి కరువు. నాకు మటుకు దేనికీ లోటు లేదు. కిరాయికి ఒక గది, నులక మంచం, ఒక కుండ. రోజంతా ఉర్దూలో కాగితాలు రాసి, సాయంత్రం గదికి వచ్చి తలుపు వేసుకుని కుండతో తెలుగు మాట్లాడుకునేవాణ్ని. ఒంటరితనం వల్ల కాదు. కుండ మంచి శ్రోత, మధ్యలో అడ్డం రాదు. కచేరీలో ఎవరు ఏమన్నారో, దానికి నేను ఏమనవలసిందో, అనలేకపోయిందేమిటో, అన్నీ ఓపిగ్గా వినేది.

నాగేశం సేటుతో పరిచయం తువ్వాల వల్ల అయింది. ఆయనది చీరల దుకాణం. సిద్దిపేట చీర అంటే గొల్లభామ చీర. తల మీద కుండ, చేతిలో కోలాటం కర్ర పెట్టుకున్న గొల్లపిల్ల అంచు పొడుగునా నడుస్తూ ఉంటుంది. ఆ పిల్లను నేసే ముందు గళ్ల కాగితం మీద గీసుకుంటారు, కుండకు ఇన్ని గళ్లు, కర్రకు ఇన్ని గళ్లు అని. నూలుకు కంట్రోలు వచ్చి మగ్గాలు సగం ఆగిపోయాక, సేటు చేతిలో గొల్లభామ లేని ఖాళీ గళ్లు మిగిలాయి. వాటిలోకి అక్షరాలు వచ్చి చేరాయని ఆయన భార్య అనసూర్య చెప్పేది.

"నూలు దొరుకుతలేదని ఊరంత ఏడుస్తుంటే, గాయినకు గళ్లు దొరికినయి" అనేది నా ముందు తువ్వాలలు పరుస్తూ.

నేను తువ్వాల కొనడానికి మధ్యాహ్నం పోయి, దీపాలు పెట్టేదాకా అక్కడే ఉండిపోయాను. ప్రతి తువ్వాలనూ విప్పించి, ప్రతి అంచునూ మెచ్చుకుని, చివరికి మొట్టమొదట చూసినదే కొన్నాను. "ఆ సేటు మాటలతో మనిషిని కదలనివ్వడు" అని మర్నాడు కచేరీలో అందరికీ చెప్పాను.

ఆ సాయంత్రమే నా తలుపు చప్పుడైంది. నేను కుండతో మంచి రసపట్టులో ఉన్నాను.

"దత్తాత్రి సాబ్, పనిల ఉన్నరా? ఎవలో చుట్టాలు వచ్చినట్టున్నరు."

"చుట్టాలు ఎవలు లేరు సేటూ. పద్యం చదువుకుంటున్న."

నాగేశం సేటు గదంతా కలయజూశాడు. పుస్తకం లేదు. కుండ ఉంది, దాని ఎదురుగా నా పీట ఉంది. ఆయన చంకలోంచి పలక తీశాడు.

"ఒక్కటే గడి ఆగింది."

మద్రాసు నుంచి వచ్చే వారపత్రికలో ఒక పుటలో ఈ గళ్లు ఉంటాయట. తెల్ల గళ్లలో గడికొక అక్షరం చొప్పున అడ్డంగా, నిలువుగా మాటలు నింపాలి. ఏ మాట అనేదానికి ఒక ఆధారం ఇస్తారు. ఆధారం చూస్తే ఒక అర్థం తోస్తుంది, జవాబు ఇంకెక్కడో దాక్కుని ఉంటుంది. అదీ ఆట. అడ్డం, నిలువు అనే మాటలు సేటు నోట వినబడేవి కావు. అడ్డంగా పోయేది పేక, నిలువుగా దిగేది పడుగు. మగ్గం మీద దారాలు ఎట్లా పోతాయో, ఆయన పలక మీద మాటలూ అట్లాగే పోయేవి.

"మరి పత్రిక ఏది?"

"పత్రిక తెస్తే నలుగుతది సాబ్. పలక మీద దించుకొచ్చిన. మూడో పేక చూడుండ్రి. 'సీతా మరదలి నడుమ పూసిన పువ్వు.' మూడు గళ్లు."

తెలియదు అనడం నా ఒంట లేదు. "రేపు చెప్త" అని పంపించాను. ఆపైన నా అవస్థ చెప్పనలవి కాదు. సీతకు మరదలు ఎవరు? ఊర్మిళ చెల్లెలు, తోడికోడలు కూడా, మరదలు మాత్రం కాదు. మర్నాడు కచేరీలో పెద్ద గుమాస్తాను అడిగాను. "సీతమ్మకు మరదలు ఎవలన్న ఉన్నరా?" ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని నన్ను చూశాడు. "పెండ్లి సంబంధం ఏమన్న చూస్తున్నవా?" అన్నాడు. కచేరీ అంతా నవ్వింది. జవాను దర్వాజా దగ్గర కూర్చుని ఇంకా చాలాసేపు నవ్వాడు.

సాయంత్రం సేటు వస్తూనే నా మొహం చూసి సంగతి తెలుసుకున్నాడు.

"రామాయణం ఇడిచిపెట్టుండ్రి సాబ్. మీరు చీర చూసిన్రు గద. కొంగు ఎక్కడుంటది?"

"ఒక కొసన."

"నడిమిట్ల కొంగు నేసినోడు ఉన్నడా లోకంల?"

"లేడు."

"ఆధారం గూడ గంతే. అసలు అర్థం ఎప్పుడన్న ఒక కొసకే ఉంటది. మొదట ఉంటది, లేకుంటే ఆఖర్న ఉంటది. అది కొంగు. మిగిలినదంత చీర ఒళ్లు. మోసం చేసేది ఒళ్లే. గిండ్ల కొంగు ఏది?"

"పువ్వు."

"ఆఁ. ఇగ ఒళ్లు చూడుండ్రి. సీత ఎవలు, మరదలు ఎవలు అని అడగకుండ్రి. అచ్చరం అచ్చరం చదువుండ్రి. నడుమ ఏమున్నదో చూడుండ్రి."

సీ, తా, మ, ర, ద, లి. నేను రెండుసార్లు చదివాను. సీత చివరి అక్షరమూ, మరదలి మొదటి రెండూ కలిసి అక్కడే కూర్చుని ఉన్నాయి. తామర.

"తామర, సేటూ."

"అబ్బ" అన్నాడు నాగేశం సేటు, వెన్నెల చూసిన పిల్లవాడిలా. "గంత తెలివి నాకెక్కడిది? పత్రికోళ్లు గిది మీ కోసమే రాసినట్టున్నది."

దారి ఇంత బాగా చెప్పిన మనిషికి ఊరు తెలియకపోవడం ఏమిటని నాకు అప్పుడు తోచలేదు. మనిషిని పొగిడితే తోచవలసినవి తోచవు.

అది మొదలు రోజూ ఒక గడి. ఒకరోజు 'పెద్ద ఊరికి తల కొట్టేస్తే వేడి పుట్టింది' అని తెచ్చాడు. నేను కొంగు పట్టుకున్నాను. వేడి. పెద్ద ఊరంటే నగరం. తల కొట్టేయడం అంటే మొదటి అక్షరం తీసేయడం. గరం. మా వరంగల్ ఎండ గుర్తొచ్చి ఆ ఊరి సంగతులు చెప్పాను. ఆయన పలక మోకాలి మీద పెట్టుకుని విన్నాడు. వెళ్లేటప్పుడు కుండ వైపు చూసి, "ఇయ్యాల పద్యం లేదా సాబ్?" అన్నాడు. ఆ రోజు నేను కుండలో నీళ్లు పోయడమే మరిచిపోయాను.

ఒకసారి వాన. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి పలక మీద ఒక్క గీత లేదు, అంతా కడిగేసింది. సేటు పంచె కొసతో పలక తుడిచి, అక్కడే కూర్చుని గళ్లన్నీ మళ్లీ గీశాడు. ఏ గడి నల్లది, ఏ గడికి ఏ అంకె, ఏ పడుగుకు ఏ ఆధారం, ఎక్కడా బలపం ఆగలేదు.

"ఏం జ్ఞాపకశక్తి సేటూ మీది. ఒక్కసారి పత్రిక చూసి ఇంత గుర్తు పెట్టుకున్నరా?"

సేటు బలపం చెవి మీద పెట్టుకుని, "చూసిన గద సాబ్, యాదికుంటది" అన్నాడు నేల వైపు చూస్తూ. వినయం అనుకున్నాను.

ఇంతటి మనిషికి ఇంకొంచెం సాయం చేద్దామని, ఒక ఆదివారం ఆయన వెంట నేనూ బయలుదేరాను. నా ఉద్దేశంలో ఆయన పాపం తెలివి తక్కువవాడు, నేను దయగలవాణ్ని.

మొదట రాధాబాయి ఇంటికి పోయాం. గల్లీ చివర ఒక చిన్న ఇల్లు, అందులో ఒక్కతే ముసలమ్మ. అప్పడాలు ఒత్తి అమ్ముకునేది. చదువు రాదు. సేటు ఆధారం పైకి చదివాడు.

"తెల్లని దాని పక్కన పిట్ట వాలితే దసరా నాడు కనవడాలె. నాలుగు గళ్లు, అవ్వా."

"తెల్లది, పిట్ట. గీ మాత్రం తెలువదా? కొంగ."

నేను ఆగలేకపోయాను. "కొంగ కాదవ్వా. తెల్లది అంటే పాలు. పక్కన పిట్ట. రెండూ కలిపితే..."

సేటు నా కాలు తొక్కాడు. "కొంగ అంటే రెండు గళ్లే అవ్వా. గీడ నాలుగున్నయి."

రాధాబాయి అప్పడాల కర్ర ఆపి ఆలోచించింది. "అయితే రెండు కొంగలు రాయి."

నాగేశం సేటు రాశాడు. పాలపిట్ట ఉండవలసిన చోట శుభ్రంగా, గుండ్రంగా, కొంగ కొంగ అని రాశాడు. దాంతో ఆ చుట్టుపక్కల పడుగులన్నీ చెడిపోయాయి. అయినా ఆయన మొహంలో ఏమీ లేదు. ముసలమ్మ మా ఇద్దరికీ చెరొక అప్పడం కాల్చి ఇచ్చి, తన పుట్టింట్లో దసరాకు ఊరవతలికి పోయి పిట్టను చూసి వచ్చిన ముచ్చట మొదలుపెట్టింది. పొద్దు వాలింది. ముచ్చట ఇంకా ఊరవతలికి చేరలేదు.

"ఎందుకు తప్పు రాసిన్రు?" అని దారిలో అడిగాను.

"నాకేం తెలుసు సాబ్, అవ్వ చెప్పింది."

మూర్ఖుడనుకున్నాను. ఆ మాట మనసులో ఉండగానే సేటు హరికిషన్ గారి ఇంటి వైపు తిరిగాడు. నా కాళ్లు ఆగిపోయాయి.

హరికిషన్ గారు పింఛను పుచ్చుకున్న మున్షీ. ఊళ్లో అర్జీ రాయాలంటే ఆయనే. భార్య ప్రమీలమ్మ పోయిన నాటి నుంచి తలుపు వేసుకుని మంచం ఎక్కారు. పక్కింటివాళ్లు కిటికీలోంచి పెట్టిన అన్నం చాలాసార్లు అట్లాగే ఉండేది. ఊరి పెద్దలు వచ్చి, గుమ్మం బయట నిలబడి ధైర్యం చెప్పి పోయారు. తలుపు తెరుచుకోలేదు. దవాఖాన కంపౌండరు కిటికీలోంచే చూసి, "గీ మనిషికి నా దగ్గర మందు లేదు. మంచం దిగితే బతుకుతడు, దిగకుంటే లేదు" అని చెప్పాడు. అది ఊరందరికీ తెలుసు.

అటువంటి మనిషి దగ్గరికి గళ్ల పలక పట్టుకుని పోవడం.

"సేటూ, వద్దు. బాగుండదు. దుఃఖంల ఉన్న మనిషి."

"ఒక్కటే గడి సాబ్."

"నలుగురు చూస్తే నవ్వుతరు."

"నవ్వనియ్యుండ్రి" అని తలుపు కొట్టాడు. నేను ఆయన వెనక, వీలైతే గోడలో కలిసిపోదామని నిలబడ్డాను.

"మున్షీ సాబ్, ఒక్కటే గడి ఆగింది."

లోపల చప్పుడు లేదు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు మమ్మల్ని చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాగేశం సేటు కట్టెలమ్మేవాడి గొంతుతో ఆధారం చదివాడు.

"'పడుకునేది ఎనకకు తిరిగితే అడుగు బయట పెట్టే చోటు.' మూడు గళ్లు సాబ్."

చప్పుడు లేదు.

"నేను వాకిలి అంటున్న సాబ్. దత్తాత్రి సాబ్ గూడ అదే అంటున్నడు."

నేను ఏమీ అనలేదు.

"వాకిలి, మూడు గళ్లకు సరిగ్గ సరిపోయింది. రాస్తున్న మరి. వా... కి..."

బలపం పలక మీద కీచుమని అరిచింది. అప్పుడు లోపలి నుంచి, ఎన్నాళ్లుగానో వాడని గొంతు ఒకటి వచ్చింది.

"తప్పు."

"ఎట్ల తప్పు సాబ్?"

"తిరగెయ్యి."

"తిరగేసిన సాబ్. లికివా."

"లికివా మీద ఎవడన్న పండుకుంటడారా?"

"మా ఇంట్ల మంచమే సాబ్. మీ ఇంట్ల ఏమంటరో నాకు తెలువది."

మంచం కిర్రుమంది. "పడక. పడకను తిరగెయ్యి."

ప, డ, క. క, డ, ప. మా వైపు గుమ్మాన్ని కడప అంటాం. సేటుకు అర్థం కానట్టే ఉంది.

"కడప. రాసిన సాబ్. గని పేకల రాయాల్నా, పడుగుల రాయాల్నా? పడుగుల రాస్తే కింద గడి మిగులుతది..."

"అడ్డం గాదా అది? అడ్డంల రాయి."

"అడ్డం అంటే ఎటు సాబ్?"

కాళ్లు నేలను రాసుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. గడియ తీశారు. తెల్లగా పెరిగిన గడ్డంతో, మాసిన బనియనుతో హరికిషన్ గారు గుమ్మం మీద నిలబడి, వెలుగుకు కళ్లు చిట్లించి, సేటు చేతిలోంచి పలక లాక్కున్నారు. వాకిలి చెరిపేసి, కడప అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. రాసింది ఒకసారి చూసుకున్నారు. తన పాదాల కింద ఉన్నదాన్ని కూడా ఒకసారి చూసుకున్నారు.

"నీకు గడ్డిమోపు కట్టుడు గూడ రాదు నాగేశం. గళ్లెందుకు నీకు?"

"అందుకే రేపు గూడ వస్త సాబ్."

వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. కొన్నాళ్లకు హరికిషన్ గారు తలుపు చప్పుడయ్యే వేళకు కళ్లద్దాలు తుడుచుకుని అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. గడ్డం గీయించుకున్నారు. కిటికీలో అన్నం మిగలడం లేదని పక్కింటివాళ్లు చెప్పారు. నేనూ కచేరీ నుంచి సూటిగా అక్కడికే పోయేవాణ్ని. సేటు తప్పులు చెప్పడం, మున్షీగారు కోపం చేయడం, నేను మధ్యలో సర్దడం. ఇద్దరికీ నేను లేకపోతే గడవదని నాకు గట్టి నమ్మకం.

అప్పుడే కచేరీ పని మీద సికిందరాబాదు పోవలసి వచ్చింది. పని అయ్యాక స్టేషన్ దగ్గర పుస్తకాల దుకాణంలో ఆ మద్రాసు వారపత్రిక కనబడింది. కొన్నాను. తిరుగు బస్సులో గళ్లన్నీ ఒక్క ఊపున నింపేసి, సాయంత్రం సేటు నోరు తెరవకముందే జవాబులన్నీ అప్పజెప్పి, ఆయన్ని మూర్ఛపోయేటట్టు చేయాలని నా కోరిక.

పత్రిక పలచగా ఉంది. మొదటి నుంచి చివరికి తిప్పాను. చివరి నుంచి మొదటికి తిప్పాను. కథ ఉంది, జ్యోతిషం ఉంది, తలనొప్పికి తైలం ఉంది. గళ్లు లేవు.

"గళ్ల పుట ఎవలో చింపుకున్నరు" అన్నాను దుకాణం మనిషితో.

"ఏ గళ్లు? కాగితం కంట్రోలు వచ్చినప్పుడే పుటలు తగ్గించిన్రు. గళ్లు తీసేసి మస్తు రోజులాయె. అడిగెటోడు గూడ ఎవడు లేడు."

బొగ్గుతో నడిచే బస్సు దగ్గుతూ పోతోంది. నేను పత్రిక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వానకు కడుక్కుపోయిన పలక గుర్తొచ్చింది. బలపం ఆగకుండా మళ్లీ గీసిన గళ్లు గుర్తొచ్చాయి. చూసింది గుర్తుపెట్టుకోవడం కాదు అది, అల్లినవాడికి తన అల్లిక గుర్తుండటం. నేను ఇన్నాళ్లూ దయతో ఎవరికి సాయం చేస్తూ వచ్చానో, ప్రశ్న ఆయనదే, జవాబూ ఆయనదే. నన్ను నిలబెట్టి ఆటాడించాడు. ఆ ఉక్రోషంలో నాకు ఒక కొంటె ఆలోచన వచ్చింది. సాయంత్రం మున్షీగారి అరుగు మీద, సేటు "ఒక్కటే గడి" అనగానే, ఈ పత్రిక ఆయన ముందు పరిచి, "ఏది ఆ గడి, చూపించుండ్రి" అనాలి.

సేటు వచ్చే లోపలే అరుగు చేరాను. ముందు మున్షీగారికి చెప్పి, ఇద్దరం కలిసి నవ్వుకుందామని ఆగలేక, పత్రిక ఆయన చేతిలో పెట్టాను. చెప్పడం మొదలుపెట్టాక భయం వేసింది. ఈ గళ్ల కోసమే మంచం దిగిన మనిషి. గళ్లే లేవని తెలిస్తే మళ్లీ ఎక్కుతాడేమో. కాని మాట సగం బయటికి వచ్చేసింది.

హరికిషన్ గారు పత్రిక తెరవను కూడా తెరవలేదు.

"గళ్లు లేవు. అంతే గద?"

"మీకు తెలుసా?"

"నాకు ప్రతి వారం పోస్టుల వస్తది. మా ఆమె చదివేది. ఆమె పోయినంక గూడ వద్దని రాయబుద్ధి కాలె."

"మరి మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే రాడు గద" అన్నారు మున్షీగారు. కళ్లద్దాలు తీసి పంచెతో తుడిచారు. "ప్రమీల పోయినంక ఊరంత వచ్చింది దత్తాత్రి. అందరు ధైర్యం చెప్పిన్రు. మంచిదే, చెప్పిన్రు, పోయిన్రు. నాగేశం ఒక్కడే నన్ను అడుగనీకి వచ్చిండు. నా దగ్గర ఇంక ఏమో మిగిలి ఉన్నదన్నట్టు."

"పాపం రాధాబాయి అవ్వకు తెలియదు" అన్నాను నేను.

"ఆమెకు నాకంటే ముందు తెలుసు. రెండు కొంగలు ఎందుకు రాయమన్నదనుకున్నవ్? పరీక్ష పెట్టింది, ఆమెనే నాతోని చెప్పింది. నిజంగ పత్రిక గళ్లైతే ఎవడన్న రాస్తడా రెండు కొంగలు?"

"ఆహా" అన్నాను. "అయితే మీరు ఒంటిగా ఉన్నరని మీ దగ్గరికి వచ్చిండు. అవ్వ ఒంటిగా ఉన్నదని అవ్వ దగ్గరికి పోయిండు. బజారు దిక్కు చూడనే చూడడు. సమజైంది. మరి నా దగ్గరికి ఎందుకు వచ్చినట్టు?"

హరికిషన్ గారు నన్ను కళ్లద్దాల పైనుంచి చాలాసేపు చూశారు.

"కొంగు ఎక్కడుంటది దత్తాత్రి?"

"కొసన."

"ముసలి మున్షీ, ముసలవ్వ, ఆఖర్న కుండతోని మాట్లాడే గుమాస్తా. నువ్వే చూస్కో."

కుండ సంగతి ఆయనకు ఎట్లా తెలిసిందని అడగబోయి మానేశాను. ఆయన మొహం చూస్తే అది సిద్దిపేటలో తెలియనిది నా కుండకు ఒక్కదానికే అని తేలిపోయింది. తువ్వాలల దుకాణంలో దీపాలు పెట్టేదాకా కదలనిది ఎవరో కూడా అప్పుడే తేలింది. చెవులు వేడెక్కాయి. పెద్ద ఊరికి తల కొట్టేయనవసరం లేకుండానే గరం.

అంతలో గల్లీ మలుపు దగ్గర దగ్గు వినిపించింది. నాగేశం సేటు. మున్షీగారు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, చేతిలో ఉన్న పత్రికను అరుగు మీద పెట్టి, దాని మీద కూర్చున్నారు. ఆ వయసులో అంత చురుగ్గా ఎవరూ కూర్చోవడం నేను చూడలేదు. నేనేమో ఆకాశంలోకి చూశాను. అక్కడ చూడటానికి ఏమీ లేదు.

సేటు వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. మున్షీగారి పంచె కింద నుంచి బయటికి వచ్చిన కాగితం మూలను చూశాడు. చంకలోంచి పలక తీస్తూ, దాన్నే చూస్తున్నట్టు తల వంచుకుని, నింపాదిగా అన్నాడు.

"జర సదురుకొని కూసోండ్రి మున్షీ సాబ్. నలుగుతది. కాగితానికి కరువు దినాలు."

ముగ్గురిలో ఎవరమూ ఆ మాట విననట్టే ఉండిపోయాం. మున్షీగారు సర్దుకుని కూర్చున్నారు. సేటు పలక నా వైపు తిప్పాడు.

"ఒక్కటే గడి ఆగింది, దత్తాత్రి సాబ్. 'శివుని ఎద్దు ఎనకకు తిరిగితే ఒక రోజు.' రెండు గళ్లు."

శివుని ఎద్దు నంది. వెనక్కి తిరిగితే దినం. పలక మీద చూపు పడుతుండగానే తెలిసిపోయింది. ఇంత సులువైన ఆధారం ఆయన ఎన్నడూ అల్లలేదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. సేటు బలపం పట్టుకుని, తెలివి తక్కువవాడి మొహం పెట్టుకుని, నా జవాబు కోసం చూస్తున్నాడు. మున్షీగారు నా మొహం చూస్తున్నారు.

నేను తల గోక్కున్నాను. నుదురు ముడిచాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ అనని మాట అన్నాను.

"తెలుస్తలేదు సేటూ. రేపు రాండ్రి, చెప్త."

నాగేశం సేటు బలపం చెవి మీద పెట్టుకున్నాడు.

"తొందరేం లేదు సాబ్" అన్నాడు. "గడి ఎక్కడికి పోతది?"